నీలం కారులో పక్క సీటు

2003, జూన్ 9

ఈ డైరీని కేబుల్ కంపెనీవాళ్ళు జనవరిలో ఇచ్చారు. ఆరు నెలలుగా షాపులో రాగి తీగ చుట్టల కింద పడి ఉంది. ఇవాళ దుమ్ము దులిపాను. నోటితో చెబితే ఊరంతా నవ్వే సంగతి ఒకటి ఉంది కాబట్టి రాసుకుంటున్నాను. నేను కారు కొనబోతున్నాను. మామూలు కారు కాదు. టాప్ తీసేసి తిరిగేది, రెండే సీట్లది, నేలకు జానెడు ఎత్తులో పోయేది. స్పోర్ట్స్ కారు. సెకండ్ హ్యాండే అనుకో, అయినా స్పోర్ట్స్ కారు.

ఉరవకొండలో బోరు మోటార్లకు వైండింగ్ చేసుకునే జయరాముడికి నలభై ఎనిమిదేళ్ళ వయసులో స్పోర్ట్స్ కారెందుకు? జవాబు సిద్ధంగా పెట్టుకున్నాను. వ్యాపారం! పెళ్ళి మెరవణికి, అదే ఊరేగింపుకు, ఈ చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ పాత జీపో ట్రాక్టరో తప్ప గతి లేదు. టాప్ లేని కారు ఒకటుందంటే మూఢం వెళ్ళగానే నా గుమ్మం ముందు వరస కడతారు. ఇంతకు మించి వేరే కారణం ఏమీ లేదు.

జూన్ 10

మా ఇంటామె సునందకు చెప్పాను. జొన్నరొట్టె కాలుస్తోంది. అంతా విని, రొట్టె తిప్పి, అడిగింది.

"రెండే సీట్లు కదా?"

"అవును."

"ఒగదాంట్లో పెండ్లికొడుకు, ఇంగోదాంట్లో పెండ్లికూతురు."

"అవును."

"మరి తోలేవానివి నువ్వు యాడ కూచుంటావప్పా? పెండ్లికూతురి ఒళ్ళోనా?"

దీని గురించి నేను ఆలోచించలేదు. ఈ కాలం పెళ్ళికొడుకులందరికీ డ్రైవింగ్ వచ్చు, వాళ్ళే తోలుకుంటారు అన్నాను. ఆమె ఇంకో రొట్టె వేసింది.

జూన్ 15

ఇవాళ అనంతపురంలో సునంద పిన్నమ్మ మనవడికి నామకరణం. ఆమె బస్సులో, నేను మోపెడ్ మీద బస్సు వెనకాల. కూడేరులో బస్సు ఆగితే నేనూ ఆగాను. ఆమె కిటికీలోంచి మంచినీళ్ళ సీసా అందించింది. "అన్నా, నువ్వు మాకు ఎస్కార్టా?" అని కండక్టర్ అరిచాడు. బస్సంతా నవ్వింది. సునంద కూడా నవ్వింది, అది వేరే సంగతి.

నిరుడు ఏప్రిల్ నుంచి ఇదే తంతు. నేను నడిపే బండి ఏదీ ఆమె ఎక్కదు. బళ్ళారి రోడ్డు మీద నల్ల కుక్క అడ్డం వస్తే ఎవడు మాత్రం ఏం చేస్తాడు? నాకు చొక్కా చిరిగింది, వెనక కూర్చున్న ఆమెకు ఎడమ మణికట్టు విరిగింది. కట్టు విప్పాక కూడా ఆ చెయ్యి పూర్తిగా తిరగడం లేదు. కోపమా అంటే లేదంటుంది. భయమా అంటే లేదంటుంది. ఎక్కదు, అంతే.

అయినా కారుకూ దీనికీ సంబంధం లేదు.

జూన్ 22

బండ్ల బ్రోకర్ సోమప్ప షాపుకే వచ్చాడు. కారు కావాలని చెప్పి పదిరోజులైందో లేదో రెండు కార్ల కబురు పట్టుకొచ్చాడు. రెండూ ఒకే మోడల్, రెండూ తొంభై తొమ్మిదిలో కొన్నవే. ఒకటి బళ్ళారిలో ఉంది, పదకొండు వేల కిలోమీటర్లే తిరిగింది. ఇంకోటి అనంతపురంలో, తొంభై రెండు వేలు తిరిగింది.

"ఇంగ ఆలోచించేదేముండాదన్నా? ఒగటి కొత్త పెండ్లికూతురు, ఇంగోటి అవ్వ" అన్నాడు.

నిజమే, ఇందులో ఆలోచించడానికేముంది?

జూన్ 29

బళ్ళారి పోయి ఎర్రకారు చూశాను. ఏం ఎరుపు! చీరకట్టిన మిరపపండు. అద్దంలో నా ముఖం చూసుకుంటే ఐదేళ్ళు తగ్గినట్టు కనిపించింది. రీడింగ్ 11,400. మీటరు తిప్పిన మోసం కాదు, సర్వీసు కాగితాలన్నీ ఉన్నాయి. మంగళూరులో ఒక షావుకారు కొడుకు కొని, సముద్రం ఒడ్డున ఇంట్లో మూడేళ్ళు ఉంచుకుని, ఇప్పటాయనకు అమ్మాడట. ఈయన రెండు పండగలకు బయటికి తీసి మళ్ళీ షెడ్డులో పెట్టాడు.

స్టార్ట్ కావడానికి పక్క జీపు బ్యాటరీ తగిలించాల్సి వచ్చింది. వాడని బండి కదా, ఉంటుంది. బ్రేకు కొంచెం పట్టేసింది. ఉంటుంది. లోపల బూజు వాసన. మూసిపెట్టారు కదా, ఉంటుంది.

పదకొండు వేల నాలుగు వందలు!

జూలై 6

చూడకపోతే బాగుండదని అనంతపురం కారు కూడా చూశాను. గుత్తి కాలేజీలో ఫిజిక్సు చెప్పి ఈ మధ్యే రిటైరైన గురప్ప సారుది. నీలం కారు. ఒకప్పుడు నీలం అని చెప్పుకోవాలి, మన ఎండకు బానెట్టు ఉతికి ఉతికి వదిలేసిన లుంగీలా అయింది. సీటు అంచులు అరిగాయి. స్టీరింగ్ నున్నగా మెరుస్తోంది. రీడింగ్ 92,318. చూడగానే ప్రాణం ఉసూరుమంది.

సారు తాళమిచ్చాడు. ఒక్క తిప్పుకే స్టార్ట్ అయింది. ఊరి చివర తపోవనం దాకా పోయి వచ్చాను. చెప్పకూడదు గానీ, గేరు ఎప్పుడు పడిందో చేతికి తెలియలేదు. బ్రేకు మీద కాలు పెడితే అడిగిన చోట ఆగింది.

"రోజూ గుత్తికి పోయి వస్తాంటిమప్పా, నేనూ మా ఆమె. ఆమె ఆడ బళ్ళో టీచరు" అన్నాడు సారు. ప్రతి ఆయిల్ మార్పూ ఒక నోటుబుక్కులో రాసి పెట్టుకున్నాడు. మరి ఎందుకు అమ్ముతున్నారంటే, లోపల్నుంచి సారు భార్య నవ్వుతూ చెప్పింది. "ఇది మరీ కిందికుండాది నాయనా. కూచునేది కూచుంటా. లేపల్లంటే ఇద్దురు కావల్ల, బాయిలోంచి చేదినట్ల."

పోయేటప్పుడు సారు అడిగాడు. "పక్కన ఎవరు కూచుంటారప్పా?"

మెరవణి వ్యాపారం గురించి చెప్పాను. సారు నా ముఖం వైపే చూసి, "అట్లనా" అన్నాడు. మాస్టర్లకు ఇదొక జబ్బు, తప్పు జవాబు చెప్పినవాణ్ణి అలాగే చూస్తారు.

జూలై 8

కౌకుంట్ల నుంచి ఒక రైతు మోటారు మోసుకొచ్చాడు. ఎనిమిది నెలలు బోర్లో అలాగే వదిలేశాడట, నీళ్ళు లేవని. షాఫ్ట్ జామై రాయిలా అయింది. "వారానికి ఒగసారన్నా ఆడించల్ల కదప్పా! ఆడే మోటారు చెడదు, పండుకున్న మోటారే చెడేది" అని పావుగంట తిట్టాను. పాపం, తలవంచుకుని విన్నాడు. ఆయన మోటారు చెడితేనే నా ఇంట్లో పొయ్యి వెలిగేది. ఆ సంగతి గుర్తొచ్చి నోరు మూసుకున్నాను.

సాయంత్రం సోమప్పకు ఫోన్ చేసి ఎర్రకారే ఖాయం అన్నాను. ఆదివారం బయానా ఇస్తాను.

జూలై 13

బళ్ళారికి నేను కూడా వస్తానంది సునంద. ఆశ్చర్యపోయాను. "కొనేది ఎట్లయినా కొంటావు. మోసపోకుండా కొను" అంది. ఆమె బస్సులో, నేను వెనకాల.

ఆమె పుట్టిల్లు ధర్మవరం. మగ్గాల మధ్య పెరిగిన మనిషి. ఏ చీర ఇచ్చినా ముందు తిరగేస్తుంది, జరీ ఎంత మెరుస్తున్నా అటు చూడదు, వెనక పోగులే చూస్తుంది. కారును కూడా అలాగే తిరగేసింది! ఎరుపు వైపు కన్నెత్తి చూడలేదు. తలుపు తీసి, వంగి, కుడిచేత్తో కాలికింది మ్యాట్ పైకి లేపింది. కింద రేకు లేదు. తుప్పు తినేసి అరచేయంత బొక్క. ఆ బొక్కలోంచి షెడ్డు నేల కనిపించింది. నేల మీద ఒక చీమ పోతోంది.

"ఇట్ల రాప్పా, చూడు" అంది. చీమ పూర్తిగా దాటిపోయేదాకా సోమప్పతో కలిసి ముగ్గురం చూశాం.

"రీడింగు మాత్రం నిజమేనక్కా" అన్నాడు సోమప్ప.

"నిజమే. సముద్రం గాలికి ఊరికే నిలబడి కుళ్ళిపోయింది. తిరిగింటే బాగుంటాండె."

మొన్న ఆ రైతుకు నేను చెప్పింది ఇదే కదా. పావుగంట చెప్పాను. వచ్చేటప్పుడు బస్సు వెనకాల మోపెడ్ మీద నన్ను నేనే తిట్టుకుంటూ వచ్చాను.

జూలై 20

గురప్ప సారు ఇంటికి తీసుకెళ్ళాను. సునంద మ్యాట్లు లేపింది, సీటు కింద చెయ్యి పెట్టింది, బానెట్టు లోపలివైపు తడిమింది. నాలుగేళ్ళ దుమ్ము ఉంది, తుప్పు చుక్క కూడా లేదు. ఈ జిల్లాకు వాన రాకపోవడం వల్ల బాగుపడిందేదైనా ఉంటే ఈ కారు ఒక్కటే.

"రంగు ఎండకు పోయింది గానీ పోగు గట్టిగుండాది. ఇదే" అంది.

టాప్ సంగతి నేనే అడిగాను. నాకూ తెలివి ఉందని చూపించుకోవాలి కదా. డిక్కీలో ప్లాస్టిక్ కవరులో చుట్టి ఉంది. "కొన్నప్పట్నుంచి విప్పలేదప్పా. వానొచ్చే నాలుగు దినాలు బస్సుకు పోతాంటి" అన్నాడు సారు. అంటే కొత్తది కింద లెక్క. సునంద కవరు మీద చెయ్యి వేసి, విప్పితే మళ్ళీ ఇంత చక్కగా చుట్టడం రాదని వదిలేసింది.

పక్క సీటు మీద అరచెయ్యి పెట్టి కుట్లు చూసింది. కూర్చోలేదు.

జూలై 25

కొన్నాను! రీడింగ్ 92,340.

అనంతపురం నుంచి టాప్ లేకుండా తోలుకొచ్చాను. ముందు బస్సు, అందులో సునంద. వెనక సీటులో కూర్చుని అద్దంలోంచి దారి పొడవునా నన్నే చూసింది. కావాలంటే బస్సును దాటి దుమ్ము రేపుకుంటూ పోగలను. దాటలేదు. యాభై కిలోమీటర్లు స్పోర్ట్స్ కారులో బస్సు పొగ తాగుతూ వచ్చినవాణ్ణి ఈ దేశంలో నేనొక్కణ్ణే అయి ఉంటాను. అయినా ఇంత సంతోషం నాకు ఈ మధ్య ఎప్పుడూ లేదు.

ఆగస్టు 3

పక్క సీటులో పోస్టుమాన్ కూర్చున్నాడు.

ఆగస్టు 4

ఎదురింటి ఆంజినమ్మ కూర్చుంది. బస్టాండు దాకా తిప్పుకొచ్చాను. దిగనంటే ఇంకోసారి తిప్పాను.

ఆగస్టు 9

ఆంజినమ్మ మేక కూర్చుంది. నేను ఎక్కించలేదు, దానికదే దూకింది. ఊళ్ళో సునంద తప్ప అందరూ అయ్యారు.

ఆగస్టు 17

మొదటి మెరవణి! పెళ్ళికొడుక్కి డ్రైవింగ్ రాదు. సునంద నా వైపు చూసింది, నేను ఆకాశం వైపు చూశాను. చివరికి ఇంజను ఆపేసి న్యూట్రల్లో పెట్టాం. పెళ్ళికొడుకు స్నేహితులు పదిమంది వెనకనుంచి తోశారు. నేను పక్కనే నడుస్తూ తలుపు మీదుగా చెయ్యి పెట్టి స్టీరింగ్ తిప్పాను. డప్పులతో సమానంగా ఊరు మొత్తం తిరిగాం. ఎలాగూ మెరవణి నడక కంటే జోరుగా పోదు, డ్రైవరుకు సీటెందుకు? పెళ్ళికూతురు నవ్వలేక చచ్చింది. పూర్ణం నిండిన ఓళిగలు కట్టిచ్చారు.

ఇంటికొచ్చాక సునంద అడిగింది. "కుక్కేమన్నా అడ్డమొచ్చిందా?"

ఎందుకలా అడిగిందో తెలియదు. ఆ గోధుమరంగు కుక్క ఇంకా నా ప్రాణం తీస్తోంది.

సెప్టెంబర్ 2

వాన లేదు. ఎలాగో విత్తిన వేరుశనగ వాడుతోంది. కాలిన మోటార్లు షాపు బయటిదాకా వరసగా ఉన్నాయి. చేతినిండా పని. చెప్పుకోవడానికి సిగ్గేస్తుంది.

సెప్టెంబర్ 7

రెండో మెరవణి. తోసేవాళ్ళకు ఇప్పుడు అలవాటైపోయింది. ఒక ముసలాయన పక్కసీటు చూపించి, "మీ ఇంటామెను ఎప్పుడు కూచోబెడతావప్పా?" అన్నాడు. ఆమెకు భయమని చెప్పాను. రోడ్డు మీద కుక్క అడ్డమొచ్చి పడ్డామని చెప్పబోయి, ఏ రంగు కుక్కో గుర్తురాక ఆగిపోయాను.

సెప్టెంబర్ 12

కుక్క లేదు.

సెప్టెంబర్ 13

ఇక్కడ రాశాను గానీ ఆమెతో చెప్పలేదు. ఇవాళ మూడుసార్లు వంటింటి గడప దాకా పోయాను. మూడుసార్లూ మంచినీళ్ళు తాగి వచ్చాను.

సెప్టెంబర్ 16

మళ్ళీ మంచినీళ్ళే.

సెప్టెంబర్ 21

డైరీ ఇంట్లో ఉండిపోయింది, చేతికి దొరికిన కాగితం మీద రాసి తర్వాత అందులో అంటిస్తాను. అంతా రాయాలి.

పొద్దున సునంద రాయదుర్గం బయల్దేరింది, మా అమ్మాయి హేమ దగ్గరికి. హేమా అల్లుడూ అక్కడ జీన్స్ కుట్టే యూనిట్ నడుపుతున్నారు. సంచీ, ఓళిగల డబ్బా పట్టుకుని బస్సుకు పోతూ వాకిట్లో చెప్పులు వేసుకుంటోంది. నేను కారు తుడుస్తున్నాను. ఎలా వచ్చిందో నోట్లోంచి వచ్చేసింది.

"సునందా, కుక్క లేదు."

ఆమె ఒక చెప్పు వేసుకుని ఆగింది.

"ఆ దినం టాప్ లేని కారొగటి ఎదురొచ్చె. దాంట్లో ఒగామె కూచోని నవ్వుతాండె. నిన్నూ అట్ల కూచోబెట్టల్లని అనిపించె. అది నీకు చూపిద్దామని ఎనక్కి తిరిగినా. అంతే, పడినాం. తప్పు నాదే."

వీధిలో ఆంజినమ్మ మేక కూడా నమలడం ఆపింది.

"తెల్సు" అంది సునంద. "నేనూ ఆ కారునే చూస్తాంటి. నీ ఎనకాలే కదా కూచోనుండేది. డాక్టరుకు కుక్క అంటివి, మా అన్నకు కుక్క అంటివి, సరే. నాకే చెప్తివే కుక్కని! నా చెయ్యి ఇరగ్గొట్టినందుకు కాదప్పా నా బాధ. నా కండ్లతో చూసిందాన్ని నువ్వు లేదంటావే, అదీ నా బాధ. నువ్వే చెప్తావని పదిహేడు నెలలు కాచుకున్న్యా."

ఏడుపొచ్చింది నాకు. ఆమె రెండో చెప్పు కూడా వేసుకుంది. వచ్చి పక్క సీటు తలుపు తీసింది. కూర్చుంది. ఓళిగల డబ్బా ఒళ్ళో పెట్టుకుంది.

"రోడ్డు చూసి తోలు" అంది.

రోడ్డు చూసి తోలాను. దేవుడిమీద ఒట్టు, పక్కకు చూడలేదు. గాలికి ఆమె కొంగు వచ్చి నా ముఖానికి తగులుతోంది, అయినా చూడలేదు. కణేకల్లు దాటాక పడమట నల్లగా కనిపించింది. పొగేమో అనుకున్నాం. వాన అన్న మాట మాకు వెంటనే తట్టలేదు. మొదటి చినుకు పది పైసల బిళ్ళంత, అద్దం మీద పడింది. తర్వాత కుండ బోర్లించినట్టే.

కారు ఆపి డిక్కీ దగ్గరికి పరుగెత్తాం. కొత్త టాప్ ఉంది కదా మనకు! కవరు చించి అటు కొస ఆమె, ఇటు కొస నేను పట్టుకుని విప్పాం. అప్పడం విరిగినట్టు విరిగింది. ఇంకో మడత విప్పాం, అదీ అంతే. నాలుగేళ్ళు డిక్కీ వేడిలో ముడుచుకుని ఉండి ఉండి పొడైపోయింది. ఒక్క చినుకు చూడకుండా, ఒక్క రోజు పని చేయకుండా! ఎర్రకారు మ్యాట్ లేపిన మనిషి, వైండింగ్ పనిలో ముప్పై ఏళ్ళు అరిగిన మనిషి, ఇద్దరం కలిసి కారంతా చూసి టాప్ ఒక్కటే చూడలేదు. ఈ జిల్లావాళ్ళం కదా, ఎవరు చూస్తారు?

చేతిలో మిగిలిన గుడ్డముక్క పట్టుకుని సునంద నా వైపు చూసింది. ముఖం మీద నీళ్ళు కారుతున్నాయి.

"దీని రీడింగు ఎంతప్పా?" అంది. "సున్నానే కదా?"

ఆమె అలా నవ్వగా నేను ఎన్నేళ్ళకు చూశాను! నవ్వి నవ్వి డిక్కీ పట్టుకుని కూలబడింది. నేను కూడా. పక్క చేలో ఒక రైతు తలగుడ్డ తీసేసి వానలో నిలబడి ఉన్నాడు. "యాలప్పా నవ్వుతాండారు?" అని అరిచాడు. ఏం చెప్పాలో తెలియక, "వానప్పా!" అని అరిచాను. ఆయనకు అది చాలింది. రెండు చేతులూ పైకెత్తి ఆయనా నవ్వాడు.

మళ్ళీ ఎక్కి కూర్చున్నాం. సీట్లలో నీళ్ళు. ఆమె ఓళిగల డబ్బాను కొంగు కింద దాచి, మూతతో కాళ్ళ దగ్గరి నీళ్ళు బయటికి చేదడం మొదలుపెట్టింది. కాసేపటికి అది కూడా మానేసింది. ఎడమచెయ్యి తలుపు బయటికి చాచి, తిరిగినంతమేర అరచెయ్యి పైకి తిప్పి పట్టుకుంది. అరచేతిలో నీళ్ళు నిలిచాయి. ఇది మాత్రం పక్కకు చూశాను. కారు ఇంకా కదల్లేదు కాబట్టి చూశాను.

రాయదుర్గం చేరేసరికి వీధంతా మా వెనకే వచ్చింది. హేమ గుమ్మంలో నిలబడి, "నాయనా, అమ్మ నీ పక్కన..." అంటూనే తువ్వాళ్ళ కోసం లోపలికి పరుగెత్తింది.

సెప్టెంబర్ 23

నిన్నంతా హేమ ఇంట్లోనే. రాత్రి కూడా వాన పడిందట, ఉరవకొండ వైపు బాగా పడిందట. ఇవాళ తిరిగొచ్చి షాపు తెరిస్తే సాయంత్రం దాకా ఒక్క మోటారు కూడా రాలేదు. ఊరికే కూర్చుని కాళ్ళూపుకుంటూ టీ తాగాను. ఇలాంటి బేరం లేని రోజులు ఇంకో పది రావాలి.

కారు వాకిట్లో ఆరుతోంది. ఒక్క తిప్పుకే స్టార్ట్ అయింది. రీడింగ్ 92,611.

బయల్దేరేటప్పుడు హేమ కొలతల టేపు తెచ్చి కారు చుట్టూ తిరిగింది. జీన్స్ గుడ్డతో టాప్ కుట్టిస్తానంది, లోపల ప్లాస్టిక్ వేసి, చుక్క దిగకుండా. నేను సరే అనబోయాను. సునంద అప్పటికే పక్క సీటులో కూర్చుని ఉంది.

"ఏం వద్దులేమ్మా" అంది. "మళ్ళా వానొస్తే మళ్ళా తడుస్తాం."